మిగులు పాట

జోసయా టపెన్ ఇటుకని గౌరవించినంతగా దేవుణ్ణి గౌరవించి ఉంటే, ఆల్డర్‌బ్రిడ్జ్ పాదిరీగారు అతన్ని చర్చిలో ముందు వరసలోనే కూర్చోబెట్టేవారు. ఎవరింటికి వెళ్ళినా అతని కళ్ళు ముందు గోడ మీదకే పోయేవి. ఇటుక గోడ అయితే వెంటనే టోపీ తీసేవాడు. చెక్క గోడ అయితే కాస్త ఆలోచించి తీసేవాడు. చెక్క ఇంట్లో పుట్టి, చెక్క ఇంటికే అల్లుడై, ఆ చెక్క ఇంటి పుణ్యమా అని నాలుగు మెతుకులు తింటున్న మనిషికి ఈ పిచ్చేమిటని ఊరు నవ్వుకునేది. సిగ్గు అనేది గజ్జి కన్నా మొండిది. గోకేకొద్దీ పెరుగుతుంది.

అతను పుట్టింది 'ఏడు నక్షత్రాలు' సత్రం వెనకవైపు, గుర్రాలశాల మీద ఉన్న గడ్డి అటకలో. తండ్రి ఆ సత్రంలో గుర్రాలు చూసుకునేవాడు. లండన్ నుంచి సముద్రం ఒడ్డుకు పోయే బాటలో ఆల్డర్‌బ్రిడ్జ్ ఒక మజిలీ. కోచ్ బండ్లు ఊళ్ళోకి వచ్చి, సత్రం నడుమ ఉన్న కమాను కిందుగా లోపలి పెరట్లోకి దూరి, అక్కడ గుర్రాలు మార్చుకుని పోయేవి. కమానుకు ఎడంపక్క బండి లోపల కూర్చుని వచ్చే పెద్దమనుషుల భోజనశాల. కుడిపక్క బండి నెత్తిన కూర్చుని వచ్చేవాళ్ళకీ, బండి తోలేవాళ్ళకీ బీరు పోసే గది. పెరడు చుట్టూ పై అంతస్తులో వసారా, వసారా వెంట పడకగదులు. సరిగ్గా కమాను నెత్తిమీద ఊరంతటికీ పెద్దదైన గది. పెళ్ళి విందులైనా, జమీందార్ల సమావేశాలైనా, నాట్యాలైనా అక్కడే. జోసయా వెనకవైపు గడ్డి అటకలోంచి ముందువైపు భోజనశాలలోకి వచ్చేసరికి సగం జీవితం గడిచిపోయింది. యజమాని కూతురు ఫీబీ అతన్ని ఇష్టపడి చేసుకుంది. మామగారు పోయారు, కొన్నేళ్ళకు జ్వరం వచ్చి ఫీబీ కూడా పోయింది. పిల్లలు లేరు. చివరికి సత్రం మిగిలింది, అతను మిగిలాడు.

సత్రం నిజానికి మంచి కట్టడం. ముత్తాతలనాటి ఓక్ దూలాలు, నల్లబడి ఇనుములా ఉండేవి. పై అంతస్తు కింది అంతస్తు కన్నా ఒక జానెడు వీధిలోకి ముందుకు వంగి ఉండేది, కిటికీలోంచి తొంగిచూసే ముసలమ్మలాగ. జోసయాకు చిన్నప్పుడు ఆ ఇల్లంటే ప్రాణం. అటువంటివాడు దాన్ని చూసి తలదించుకునే రోజు ఒకటి వచ్చింది.

అది థర్లో దొరగారి వల్ల వచ్చింది. ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ఆయనవే. ఒక రోజు ఆయన తన స్నేహితుణ్ణి బండి ముందు పీట మీద పక్కన కూర్చోబెట్టుకుని సరదాగా తనే తోలుకుంటూ వచ్చారు. కొత్తరకం బండ్లు ఎత్తుగా వచ్చేవి. కమాను కిందుగా దూరేసరికి పైనున్న అడ్డదూలం తగిలి స్నేహితుడి టోపీ ఎగిరి పేడలో పడింది. పెరట్లో అందరూ చూస్తున్నారు. దొరగారు పగ్గాలు విసిరేసి, "ఏమయ్యా టపెన్, నీ చెక్కపెట్టెలోకి రావాలంటే మనుషులు మడతలు పెట్టుకుని రావాలా?" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. జోసయా కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు? దొరగారు బీరు తాగడం పూర్తయ్యేలోపే ఆ మాట మరచిపోయారు. జోసయా మాత్రం చచ్చేదాకా మరచిపోలేదు.

పైగా వీధికి ఆవలిపక్క 'కిరీటం' అనే కొత్త సత్రం లేచింది. నిఖార్సయిన ఎర్ర ఇటుక, తిన్నని గోడ, ఎత్తయిన కమాను. బండి మీద ఎంతమంది కూర్చున్నా తల వంచకుండా లోపలికి పోవచ్చు. పొద్దున్నే లేచి జోసయా తన గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించేది అదే. అతనికి అన్నం సయించేది కాదు.

ఇల్లు కూలగొట్టి ఇటుకతో కట్టేంత స్తోమతు లేదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో దానికో ఉపాయం ఉండేది. చూడ్డానికి అచ్చం ఇటుక మొహంలా ఉండే పెంకులు కాల్చేవారు. పాత చెక్క గోడ మీద బద్దలు కొట్టి, ఆ బద్దలకు ఈ పెంకులు వరసగా మేకులతో తగిలించి, సందుల్లో సున్నం పూస్తే, వీధిలోంచి చూసేవాడికి అది ఇటుక గోడే. మూలల దగ్గర మాత్రం గుట్టు దాగదు. పెంకు మలుపు తిరగదు కదా, అక్కడ ఒక చెక్కబద్ద నిలబెట్టి రంగు వేయాలి. జోసయా ఆ పని చేయించాడు. ఊరంతా నిలబడి చూస్తుండగానే చేయించాడు. అందుకే ఊళ్ళోవాళ్ళు అటుగా పోయేటప్పుడల్లా వేలి కణుపుతో గోడ మీద కొట్టి, డొల్లగా మోగితే, "ఇటుకల టపెన్‌గారు ఉన్నారా?" అని అడిగేవారు. పైన పటారం, లోన లొటారం. కానీ లండన్ ప్రయాణికులు గోడలు కొట్టి చూడరు. వాళ్ళు చూసి, బాగుంది అనుకుని దిగేవారు. జోసయాకి ప్రాణం లేచొచ్చింది.

ఇక కమాను మిగిలింది. దాన్ని ఎత్తు చేయాలంటే పైనున్న అడ్డదూలం అడ్డం. ఊరి వడ్రంగి పిల్‌బీమ్‌ని పిలిచి, దూలం పొట్ట కిందనుంచి కోసేయమన్నాడు. పిల్‌బీమ్ పైకి చూసి, "ఇల్లంతా కూర్చున్నది దీని మీదే జోసయా. నా చేత్తో నేను కొయ్యను" అన్నాడు. కావాలంటే కొత్త దూలం వేయిద్దాం, నెలరోజులు సత్రం మూసుకో అన్నాడు. నెలరోజులు మూస్తే బండ్లన్నీ కిరీటానికి అలవాటు పడిపోతాయి. జోసయా ఆలోచించుకుంటానని అతన్ని పంపించేశాడు. ఆ ఆదివారం అందరూ చర్చికి పోయిన వేళ గేట్లు మూసి, నిచ్చెన వేసుకుని, రంపంతో, బాడిసెతో దూలం పొట్ట తనే చెక్కేశాడు. మూరెడు మందంలో సగం పోయింది. ఏమీ జరగలేదు. ఇల్లు కనీసం మూలగను కూడా లేదు. దాని మీద బద్దలు వంచి కొట్టి, సున్నం మెత్తి, గుండ్రంగా రాతి కమానులా రంగు వేయించాడు. పిల్‌బీమ్ ఆ శీతాకాలం దగ్గు ముదిరి పోయాడు. ఇక ఆ సంగతి తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే.

ఇంటికి తొందరపాటు లేదు. అది మెల్లగా చెప్పుకుంటూ వచ్చింది. పై పెద్దగది తలుపు గడపకు పట్టేయడం మొదలుపెట్టింది. జోసయా చిత్రిక పట్టించాడు. గది నడుమ నేల కాస్త దిగింది. తివాచీ కింద గుడ్డలు పరిపించాడు. బల్ల మీద పెట్టిన సూప్ ఒకవైపుకు జారుతోందని ఎవరో నవ్వితే, బల్ల కాళ్ళది తప్పు అన్నాడు. ప్రతిసారీ ఈ ఏడాది దాటితే పని చేయిస్తాను అనుకునేవాడు. ఏడాది దాటేది.

గుర్రప్పందాల వారం వచ్చింది. ఏటా ఆ వారంలో థర్లో దొరగారు పట్టపగలే నాట్యమూ విందూ పెట్టేవారు, అదీ కిరీటంలో. ఆ ఏడాది కిరీటం యజమానితో ఆయనకు ఏదో మాటామాటా వచ్చింది. దొరగారు కర్ర ఊపుకుంటూ తిన్నగా జోసయా దగ్గరికి వచ్చారు. సత్రం ముందు ఆగి, పైనుంచి కిందికి చూశారు.

"ఇది ఇటుకదే కదయ్యా? ఒకప్పుడు చెక్కదని గుర్తు."

"పాతది తీసేసి కట్టించాను దొరగారూ."

"మంచి పని చేశావు. పైన గది గట్టిదేనా? మావాళ్ళు కుర్రకారు, గెంతులేస్తారు."

చెప్పడానికి అదే సమయం. నేల సరిగా లేదండీ, పెరట్లో పందిరి వేయిస్తాను అంటే సరిపోయేది. కానీ చెక్కపెట్టె అన్న నోటితోనే ఆయన మంచి పని చేశావు అన్నారు. ఆ మాట కోసం జోసయా ఎన్నేళ్ళు కాచుకున్నాడో ఆయనకేం తెలుసు?

"గుర్రాలు గెంతినా కదలదు దొరగారూ" అన్నాడు.

నాట్యం రోజు ఎండ బాగా కాసింది. దొరగారి భార్య లండన్ నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించి, పెద్దగది తివాచీ తీయించి, నేలంతా రంగు సుద్దలతో పూలదండలూ, నడుమ పందెపు గుర్రమూ వేయించింది. జోళ్ళు జారకుండా ఉండటానికీ, పాత నేల కనబడకుండా ఉండటానికీ పెద్దిళ్ళలో అలా వేయించేవారు. జోసయాకు ఆ ముగ్గు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన బతుకంతా ఇదే పని కదా అనుకున్నాడు. కొత్త కోటు వేసుకుని అతిథులకు ఎదురు వెళ్ళాడు. ముగ్గురు ఫిడేలు వాయించేవాళ్ళు మూలలో కూర్చున్నారు. మొదటి పాట పూర్తయ్యేసరికి జోసయాకు లోపల ఉండబుద్ధి కాలేదు. గుర్రాలు చూసి వస్తానని కిందకి దిగి, కమాను కింద నిలబడ్డాడు.

పైన కాళ్ళ చప్పుడు ఒక్క లయలో పడుతోంది. వీధిలోంచి వచ్చే వెలుతురులో దుమ్ము మెరిసింది. చూస్తే అతని కోటు చెయ్యి మీద సన్నగా తెల్లటి గీత. తుడుచుకున్నాడు. మళ్ళీ పడింది. ఈసారి కాస్త గులాబీ రంగు కలిసి ఉంది. పైన ముగ్గులోని పూల రంగు. తల ఎత్తాడు. రాయిలా రంగు వేసిన కమాను మీద, ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒక పగులు, పైవాళ్ళు గెంతినప్పుడల్లా తెరుచుకుని, ఆగినప్పుడు మూసుకుంటోంది.

జోసయా మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. గది నిండా తెల్లటి గౌన్లూ, ఎర్ర కోట్లూ. దూరంగా, ఆ చివర, దొరగారు ఎవరో ముసలి దొరసానితో మాట్లాడుతున్నారు. అక్కడికి పోవాలంటే నేల నడుమ నుంచే పోవాలి. జోసయా గోడ వెంట నడిచాడు. ప్రతి అడుగూ నేల ఊగుతున్నట్టే ఉంది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. దొరగారూ, అందరూ దిగిపోవాలి, దూలం విరుగుతోంది, నేనే కోశాను. మూడు ముక్కలు. పసిపిల్లాడైనా చెప్పగలడు.

"దొరగారూ."

"ఏం టపెన్?"

దొరగారితో పాటు ఆ ముసలి దొరసాని, ఇంకా చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అతని వైపు తిరిగారు. అందరూ నవ్వు మొహాలతోనే ఉన్నారు. ఆ నవ్వులు చూసేసరికి జోసయాకు పేడలో పడ్డ టోపీ గుర్తొచ్చింది.

"కింద ఫలహారాలు సిద్ధంగా ఉన్నాయండీ. చల్లారిపోతాయి" అన్నాడు.

"పెట్టించింది చల్లటి మాంసమే కదయ్యా, ఇంకా చల్లారేదేమిటి?" అన్నారు దొరగారు. పక్కవాళ్ళు నవ్వారు. కానీ ఆయనకూ ఆకలి వేస్తున్నట్టుంది, చెయ్యి ఎత్తి ఫిడేళ్ళను ఆపించి, అందరినీ కిందికి పదమన్నారు. జంటలు జంటలుగా మెట్లు దిగారు. చివరి దొరసాని గౌను అంచూ, ఆ వెనకే ఫిడేలువాళ్ళూ గుమ్మం దాటాక జోసయా ఊపిరి పీల్చుకున్నాడు. ఖాళీ గది వైపు ఒక్కసారి చూశాడు. ముగ్గులో గుర్రం చెరిగిపోయింది, కాళ్ళు మాత్రం మిగిలాయి. తలుపు దగ్గరగా వేసి వాళ్ళ వెనకే దిగాడు.

భోజనశాలలో పంది తొడ కోస్తూ జోసయా తనను తాను మెచ్చుకున్నాడు కూడా. ఎంత తెలివిగా గడిపాడు! భోజనాలయ్యాక పైన పానకం ఒలికింది, నేల జారుతుంది అని చెప్తే సరి. ఎండ బాగుంది, గుర్రాలశాల వెనక పచ్చిక మీదే ఆడుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. రేపే కొత్త దూలానికి చెప్పేయాలి. అలా అనుకుంటూ రెండో ముక్క కోస్తుంటే, నెత్తిమీద ఫిడేలు మోగింది.

సత్రాల్లో ఒక ఆనవాయితీ ఉంది. నాట్యం మధ్య పెద్దవాళ్ళు భోజనానికి దిగినప్పుడు, ఆ కాస్తసేపు పెద్దగది పనివాళ్ళది. వంటమనుషులు, గుర్రాలవాళ్ళు, పడకగదుల పనిపిల్లలు పైకెక్కి ఒక పాట ఆడుకుంటారు. ఫిడేలువాళ్ళు వాళ్ళ కోసం ఒకటి ఊరికే వాయిస్తారు. పళ్ళెంలో మిగిలింది పనివాళ్ళకు ఎలాగో, పాటలో మిగిలింది కూడా అలాగే అని, దాన్ని 'మిగులు పాట' అనేవాళ్ళు. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ వద్దనేది లేదు. జోసయాకు ఇది తెలియనిదా? గుర్రాలశాలలో ఉన్న రోజుల్లో ఆ పాట కోసం అతను ఏడాదంతా కనిపెట్టుకుని ఉండేవాడు. ఫీబీ చెయ్యి మొదటిసారి పట్టుకున్నది ఆ గదిలో, ఆ పాటలోనే. అటువంటివాడు మరచిపోయాడు. దొరలను దించడమే గది ఖాళీ చేయడం అనుకున్నాడు. తను ఏ మనుషుల్లో పుట్టాడో ఆ మనుషులు ఉన్నారన్న సంగతే ఆ క్షణంలో అతనికి తట్టలేదు.

కత్తి పళ్ళెంలోనే వదిలేసి లేచాడు. వసారా మెట్ల దాకా వెళ్ళాడు. పైన బూట్ల చప్పుడు, నవ్వులు. ఆగండి అని కేక వేశాడో, వేయాలనుకున్నాడో తర్వాత అతనికే తెలియలేదు. ముందు ఒక పెళ్ళుమన్న శబ్దం వచ్చింది. ఆ వెనకే కమాను కమానంతా సున్నమూ చెక్కలూ మనుషులూ కలిసి కిందికి వచ్చింది.

దేవుడి దయ అని అందరూ అన్నారు. ఎవరూ చావలేదు. గుర్రాలవాళ్ళలో ఇద్దరికి చేతులు విరిగాయి, ఫిడేలువాడికి తల పగిలింది. పడకగదుల పనిపిల్ల కెజయా మాత్రం దూలం కింద పడింది. ఆమెది పంతొమ్మిదేళ్ళ వయసు, నడిస్తే గంతులేస్తున్నట్టు నడిచేది. తుంటి నలిగిపోయింది. వైద్యుడు చూసి, బతుకుతుంది కానీ ఇక సరిగా నడవదు అన్నాడు.

ఇక థర్లో దొరగారి సంగతి. ఆయన పెరట్లో అందరి ఎదుటా జోసయా చెయ్యి పట్టుకుని ఊపారు. మరో పావుగంట పైన ఉంటే మా ఇంటి ఆడవాళ్ళంతా ఆ కుప్పలో ఉండేవాళ్ళు, నీ చల్లటి మాంసమే మమ్మల్ని కాపాడింది అన్నారు. ఆ మోటు బూట్లతో, ఆ మోటు గెంతులతో ఏ గది మాత్రం నిలుస్తుంది, వీళ్ళను పైకెక్కనిచ్చే ఆ పాడు ఆనవాయితీ ఇక మాన్పించు అన్నారు. పక్కవాళ్ళు అవునవును అన్నారు. గుర్రాలవాళ్ళు విరిగిన చేతులు పట్టుకుని తలలు దించుకున్నారు. జోసయా తల ఊపాడు. ఆ తల ఊపడం చాలు కదా, వేరే సాక్ష్యం ఎందుకు? మర్నాడు తెల్లవారకముందే విరిగిన దూలాన్ని తన చేతులతోనే ముక్కలు కోసి, వంటింటి పొయ్యిలోకి పంపించాడు. ఎవరైనా కోత చూస్తారేమోనని.

దొరగారే సగం పెట్టుకుని కొత్త కమాను కట్టించారు. ఈసారి అసలైన ఇటుక. ఊళ్ళోవాళ్ళు వచ్చి కణుపుతో కొట్టి చూసి, నిజమేనోయ్ అన్నారు. పాదిరీగారు ఆదివారం ప్రసంగంలో జోసయా పేరు ఎత్తారు. అతను చర్చి బల్ల మీద కూర్చుని తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

కెజయా గుర్రాలశాల మీది అటకలో పడుకుని ఉండేది. జోసయా రోజూ మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. పులుసూ, రొట్టే వేరేవాళ్ళ చేత పంపేవాడు. ఒక మధ్యాహ్నం చెప్పేయాలని నిశ్చయించుకుని ఎక్కాడు. ఆమెకు తప్ప ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు, ఆమెకు మాత్రం చెప్పాలి. అటకలో పాత వాసన, గడ్డి, గుర్రపు చెమట. కెజయా అతన్ని చూడగానే లేవబోయి, నొప్పికి మళ్ళీ పడిపోయింది.

"పడుకో, పడుకో" అన్నాడు. పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కెజయా, నేనొకటి చెప్పాలి నీకు."

"నాకు తెలుసండీ అయ్యగారూ" అందామె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు రారేమో అనుకున్నాను. మీకు మొహం చూపించాలంటే సిగ్గుగా ఉంది. ముందు పైకి పరిగెత్తింది నేనే. రండి రండి అని అందరినీ లాక్కెళ్ళింది నేనే. మీ గది మొత్తం మేమే పాడుచేశాం."

జోసయా నోరు తెరిచాడు.

"మా బూట్ల వల్లే అని దొరగారు చెప్పారట" అంది కెజయా. "నిజమే అయ్యగారూ. మేం అంత గట్టిగా గెంతకుండా ఉండాల్సింది. నన్ను పనిలోంచి తీసేయరు కదా? తప్పయిపోయింది. క్షమించండి."

ఆమె చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకోకుండా ఉండలేకపోయాడు. కూడబలుక్కున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కింద ఒక గుర్రం గిట్ట నేలకేసి కొట్టింది. కెజయా అతని మొహం వైపే ఆశగా చూస్తోంది.

"సరేలే" అన్నాడు జోసయా. "నేనేం మనసులో పెట్టుకోలేదు. క్షమించాను."

కెజయా అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, మీ అంత మంచివాళ్ళు ఉండరు అయ్యగారూ అని ఏడ్చింది.